నేను పెట్టించిన నెట్ ఉపవాసం

మా ఆసుపత్రి వెనక కొండ మీద ఒక సెల్ టవర్ ఉంది. దూరం నుంచి చూసినవాళ్ళు ఈ ఊరికి ఏ లోటూ లేదనుకుంటారు. ఒడిశాలోని కాశీపూర్ నుంచి మా ఆసుపత్రి కాంపౌండ్‌కి వచ్చే దారిలో ఒక ప్రహరీ గోడ నిండా నీలం రంగు పూసి, మెరుపులాంటి ఇంటర్నెట్ అని ఒడియాలో రాశారు. ఆ గోడ పక్కనే నిలబడి ఫోన్ తీస్తే సిగ్నల్ ఒకే ఒక్క గీత కనిపిస్తుంది, అదీ వాన లేని రోజున. ఒక ఫోటో పంపాలంటే మా వాళ్ళు పంపుహౌసు దాకా నడిచి, గోడకి ఆనుకుని, చెయ్యి పైకెత్తి నిలబడాలి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని అలా నిలబడ్డ తల్లుల్ని నేను ఎన్నిసార్లో చూశాను. ఆ నీలం గోడని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

ఆ కోపం న్యాయమైనదే. అందులో ఒక్క మాట వెనక్కి తీసుకోను. కాని ఆ న్యాయమైన కోపంలోనే నేనొక పిల్లకి వచ్చిన నర్సింగ్ సీటు పోగొట్టాను. టవర్‌ని తిట్టినన్నాళ్ళు తిట్టి, ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకుండా తిరిగాను. అందుకని ఇది రాస్తున్నాను.

నేను ఆ మిషన్ ఆసుపత్రిలో గుమాస్తాగా చేరి ఆఫీసు సూపరింటెండెంటునయ్యాను. మా ఆవిడ అక్కడే వార్డు సిస్టర్. కాంపౌండ్‌లో పదకొండు క్వార్టర్లు. ఎక్కువమంది మాలాగే విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి నర్సులుగా, టీచర్లుగా వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ ఉండేది. నెలకి ఎన్ని కాన్పులయ్యాయి, ఎంతమందికి మలేరియా వచ్చింది, ఎన్ని టీకాలు వేశాం అన్న రిపోర్టు వెబ్‌సైట్‌లోకి ఎక్కించడం నా పని.

ఆ వానాకాలంలో సైటు తెరుచుకోవడం మానేసింది. మీ బ్రౌజర్ పాతది, కొత్తది వేసుకోండి అంది. కొత్తది వేయబోతే, మీ ఆపరేటింగ్ సిస్టమ్ పాతది, ముందు దాన్ని మార్చండి అంది. దాన్ని మార్చబోతే, అసలు మీ కంప్యూటరే పాతది, ఈ కొత్త సిస్టమ్‌ని అది మోయలేదు అంది. నిన్నటిదాకా అన్నం తిని నడిచిన మనిషిని పట్టుకుని, నువ్వు చచ్చిపోయావు పడుకో అన్నట్టుంది. యంత్రం మీట నొక్కితే వెలుగుతోంది, అక్షరం కొడితే పడుతోంది. ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్నవాడెవడో ఇక చాలనుకున్నాడు కనక ఇక్కడ మా మలేరియా రోగుల లెక్క ఆగిపోవాలా?

వెతగ్గా, పాత యంత్రాల్లో కూడా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి ఉచితంగా దొరుకుతుందని తెలిసింది. మా బావమరిది కోరాపుట్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ల పని చూస్తాడు. పంపుహౌసు గోడ దగ్గర నిలబడి అతనికి ఫోన్ చేశాను.

"బావా, నువ్వు బుర్ర పాడుసేసుకోకు" అన్నాడు. "ఇక్కడ లైను బాగున్నాది. మొత్తం పెన్ డ్రైవులో ఏసీసి, టికిరి ఒచ్చే రైల్లో ఎవులి సేతైనా పంపీస్తాను. నువ్వు టేసనుకెల్లి అందుకుంటే సాలు."

"అక్కర్నేదు. నేనే దింపుకుంటాను."

"ఆ టవరుతోటా! గుడ్డు పొదిగినట్టు కూకోవాల బావా."

"కూకుంటాను. నాకు తెల్దేటి?"

"తెల్దని నేనన్నానా? రెండు వేళ్ళతో టైపు కొట్టుకునే మనిషివి, నీకెందుకీ గోలంతా అన్నాను" అని నవ్వేడు.

ఇదే మాట అంతకు ముందు క్రిస్మస్ భోజనాల దగ్గర పదిమందిలో అన్నాడు, పదిమందీ నవ్వారు. ఆ నవ్వు నా గొంతులో అడ్డం పడి అలాగే ఉండిపోయింది. పెన్ డ్రైవు వద్దన్నది అందుకే. టవర్‌కీ దానికీ ఏ సంబంధం లేదు. కోరాపుట్‌లో పొద్దున్న రైలెక్కిన మనిషి మధ్యాహ్నానికి టికిరిలో దిగేవాడు, సాయంత్రానికి నా పని అయిపోయేది. ఇంత సులువైన దారి కాళ్ళ ముందుంటే కాలితో తన్నేశాను.

ఆ సిస్టమ్‌ని ఎక్కించడానికి రెండు పద్ధతులున్నాయి. మొత్తం ముందే దింపుకుని ఎక్కించడం ఒకటి. చిన్న ముక్క దింపుకుని మొదలుపెడితే మిగతాదంతా అదే నెట్‌లోంచి ఒక్కొక్క ఫైలుగా తెచ్చుకోవడం రెండోది. చిన్నదైతే మా టవర్ మోస్తుందనుకుని రెండోది పట్టుకున్నాను. అది మొదట్లోనే కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఆ తర్వాత చివరి ఫైలు దిగేదాకా ఆ కంప్యూటర్ వట్టి ఇనపడబ్బా. ఈ సంగతి నాకు తెలుసు. తుడిచెయ్యమంటారా అని అడిగింది. రిజిస్టర్లన్నీ వేరే డిస్కులో దాచి ఉన్నాయి కదా అనుకుని అవునని నొక్కాను.

ఒక శనివారం మొదలుపెట్టాను. ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వార్డులోంచి తెచ్చిన బ్యాండేజీ గుడ్డతో ఆఫీసు కిటికీ ఊచకి కట్టి, దాన్నుంచి కంప్యూటర్‌కి వైరు లాగాను. పద్నాలుగు వందల పైచిలుకు ఫైళ్ళు రావాలి. ముప్పై ఎనిమిదో ఫైలు దగ్గర అరగంట నిలబడిపోయింది. ఇంకా మూడు గంటలు పడుతుందని తెర మీద చూపించింది. కాసేపటికి పదకొండు రోజులంది. మళ్ళీ నలభై నిమిషాలంది. ఈ సామాన్లు తయారుచేసేవాళ్ళు ఎప్పుడైనా ఒక్కసారి కాశీపూర్ బ్లాకులో ఒక రోజు గడిపి ఉంటే ఇంత సిగ్గులేకుండా అబద్ధాలాడే గడియారం ఒకటి పెట్టేవారు కాదు. రెండు వందలు దాటాక లైను తెగి, మళ్ళీ మొదటినుంచి చెయ్యమంది. కీబోర్డుని బల్ల మీద బాదాను.

సాయంత్రం మళ్ళీ పెట్టినప్పుడు ఒక వింత జరిగింది. అప్పటిదాకా ఈడ్చుకుంటూ వచ్చిన ఫైళ్ళు ఉన్నట్టుండి పరుగెత్తడం మొదలుపెట్టాయి. గంటసేపు అలా పరుగెత్తి, మళ్ళీ నీరసించిపోయి, చివరికి ఆగిపోయాయి. ఆలోచిస్తే అర్థమైంది. ఆ గంటలో కాంపౌండ్ అంతా ఆదివారం పాటలు నేర్చుకోవడానికి చర్చిలో ఉంది. ఎవరూ ఫోన్‌లో వీడియోలు చూడటం లేదు. టవర్ ఇచ్చే కాస్త బలాన్నీ అందరం పంచుకుంటున్నాం, వాళ్ళు మానితే నాకొస్తుంది. అంతే లెక్క.

ఇక్కడ ఆయమ్మ గురించి చెప్పాలి. ఆమె మా కాన్పుల వార్డులో ఆయా. భర్త పోయాక గుణుపురం దగ్గర పల్లె వదిలి కూతురితో వచ్చి చేరింది. కాంపౌండ్‌లో పెద్దా చిన్నా అందరూ ఆయమ్మ అనే పిలుస్తారు. కూతురు కాశీపూర్‌లో ప్లస్ టూ సైన్సు చదివి మంచి మార్కులతో పాసయింది. పిల్ల చదువంతా ఒడియాలోనే. తెలుగు పాటలు కూడా ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడేది, అయినా శ్రుతి తప్పేది కాదు. నర్సింగ్‌కి దరఖాస్తు పెట్టింది. కోరాపుట్‌లో సీటు రావాలని తల్లీకూతుళ్ళ ఆశ, ఎందుకంటే అక్కడ పిల్ల పిన్ని ఉంది, ఆ ఇంట్లో ఉండి చదువుకోవచ్చు, శనివారం రైలెక్కితే ఇంటికి రావచ్చు. దరఖాస్తుని రాయగడలో ఒక నెట్ షాపతను నింపాడు. దాంట్లో ఇచ్చింది ఆయమ్మ నంబరు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. సీట్ల జాబితా రేపో మాపో వస్తుందని కాంపౌండ్‌లో అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆ పిల్ల ప్రవర్తన మంచిదని లెటర్ రాసి సంతకం పెట్టింది నేనే.

మా చర్చిలో ఆదివారం ఒడియా ఆరాధన అయ్యాక తెలుగు ఆరాధన. పాస్టరు అయ్యగారు నెలకొకసారి రాయగడ నుంచి వస్తారు. మిగతా ఆదివారాలు వాక్యం చదివేదీ, ప్రకటనలు చెప్పేదీ సంఘ కార్యదర్శినైన నేనే. ఆ వారంలో మా ఉపవాస ప్రార్థనలు మొదలవుతున్నాయి. నేను లేచి నిలబడి, ఈసారి అన్నంతో పాటు మరొకటి కూడా మానుదాం అన్నాను. సోమవారం పొద్దుట నుంచి బుధవారం పొద్దుట దాకా ఫోన్లలో నెట్ కట్టేద్దాం, నోటికే కాదు కళ్ళకీ ఉపవాసం ఉండాలి, డ్యూటీలో ఉన్నవాళ్ళకి తప్ప మిగతావాళ్ళందరికీ ఇది వర్తిస్తుంది అన్నాను. నా గొంతు గంభీరంగా ఉంది. ముందు బెంచీల్లోంచి ఆమెన్ అన్నారు. ఆసుపత్రి కంప్యూటర్ పని సజావుగా సాగాలని కూడా ప్రార్థించండి అన్న మాటని, జబ్బుపడ్డవాళ్ళ పేర్ల మధ్య ఇరికించి చెప్పాను. ఎవరూ ఆ రెండిటినీ కలిపి చూడలేదు. చూడకూడదనే అలా చెప్పాను.

మా ఆవిడ మాత్రం చూసింది. ఇంటికి నడిచి వస్తుంటే అడిగింది.

"ఉపాసం ఎవులి కోసం? దేవుడికా, మీ డబ్బాకా?"

"రెండిటికీ పనికొత్తాది. జనాలకీ మంచిదే గదా, ఎప్పుడూ ఆ పోన్లే."

"జనాలకి మంచిదని మీకు నిన్న సాయంత్రం తెలిసిందేటి?"

నేను చేతిలో బైబిలు మరో చేతిలోకి మార్చుకున్నాను.

"దేవుడికేటి సెప్పుకుంటారో సెప్పుకోండి. నాకు మాత్రం సెప్పకండి" అని ఆవిడ గబగబా ముందు నడిచింది.

సోమవారం తొమ్మిదింటికి కూర్చున్నాను. ఫైళ్ళు కాలవలో నీళ్ళలా వచ్చేస్తాయనుకున్నాను గాని అలా ఏమీ రాలేదు. మా కాంపౌండ్ మానినా ఊరు మానలేదు కదా. అయినా శనివారం కన్న చాలా నయం. మధ్యాహ్నానికి నాలుగు వందలు దాటింది. వాన పడి ఒకసారి ఆగింది, లైను పూర్తిగా తెగకముందే ఫోన్ మీద సంచి సరిచేసి మళ్ళీ నడిపించాను. సోమవారం సాయంత్రం ఇంటికి పోతూ వైరు తియ్యకుండా వదిలేసి, తలుపుకి తాళం వేశాను. మంగళవారం పొద్దున్న చూస్తే వెయ్యికి దగ్గర్లో ఉంది. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. కుర్చీ తెచ్చి తెర ముందు వేసుకుని, టీ తెప్పించుకుని, ఒక్కొక్క ఫైలు పేరు చదువుతూ కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా మమ్మల్ని కాళ్ళ కింద వేసి తొక్కిన టవర్‌ని నేను ఒంటిచేత్తో లొంగదీశాననుకున్నాను. నిజానికి పది ఇళ్ళవాళ్ళు నోరు కట్టుకుని కూర్చుంటే నాకు ఆ పని అయింది. నేను చేసింది టీ తాగడం.

మంగళవారం సాయంత్రం నాలుగున్నర లోపే మొత్తం అయిపోయింది. కంప్యూటర్ ఆగి, మళ్ళీ లేచి, నీలిరంగు కొత్త తెరతో నిలబడింది. నా ఫోన్‌తో దాని ఫోటో తీసి బావమరిదికి పంపాను. కింద ఏమీ రాయలేదు. రాయకుండా ఉండటమే గొప్ప అనుకున్నాను. తర్వాత వెబ్‌సైట్ తెరిచి చూసుకున్నాను, తెరుచుకుంది. మళ్ళీ టీ తాగాను. ఉపవాసం అయిపోయింది, ఎవరి ఫోన్లు వాళ్ళు వాడుకోవచ్చని పది గుమ్మాల దగ్గర చెప్పి రావడానికి పది నిమిషాలు పట్టేది. నా మనసుకి తట్టలేదు. బుధవారం పొద్దుట దాకా అన్నాను కదా, ఉండనీ అని కూడా అనుకోలేదు. అసలు వాళ్ళు గుర్తే లేరు.

బుధవారం పొద్దున్న ఆయమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది.

"వందనాలు సార్."

"వందనాలమ్మా. రా రా, సూడు కొత్తది ఎలగున్నాదో!" అన్నాను తెర చూపించి.

ఆమె తెర వైపు చూడలేదు. చేతిలో ఫోన్ నా ముందు పెట్టింది. "సార్, ఓపాలి ఇది సూడండి. మా గుంట ఏటో సెప్తంది, నాకు బుర్రకెక్కట్నేదు."

ఫోన్ నిండా మెసేజీలు. రాయగడ నుంచి ఎన్నో మిస్డ్ కాల్స్. ఓటీపీ నంబర్లు ఒకదాని కింద ఒకటి. అన్నీ ఇంగ్లీషులోనే, కాశీపూర్‌లో ఆయాకి ఇంగ్లీషులో కబురు పెట్టేవాళ్ళ తెలివిని ఏమనాలో తెలియదు. నేను చదువుతుండగానే ఆ పిల్ల చెప్పింది, గోడని చూస్తూ, గొంతులో ఏ వంపూ లేకుండా.

"కోరాపుట్ వచ్చింది సార్. సోమారం లిస్టు పెట్టేరు. ఒప్పుకున్నట్టు నిన్న ఐదింటి లోపల నొక్కాల. టైము అయిపోనాది."

"మరి పోన్ ఎందుకు ఎత్తలేదు?" అన్నాను.

"పోను కట్టీసినాం గదా సార్" అంది ఆయమ్మ.

"కట్టీమన్నది నెట్టు! పోన్ ఎవులు కట్టీమన్నారు?"

"నెట్టు ఎక్కడుంటాదో నాకేటి తెల్సు సార్. మీరు కట్టీమన్నారు. నేను కట్టీసి బియ్యం డబ్బాలో ఎట్టీసినాను."

"నీ కూతురికి తెల్దేటి? సైన్సు సదివింది గదా!"

పిల్ల అప్పుడు నన్ను చూసింది. "అమ్మ ముట్టుకోనియ్యలేదు. సార్ గుడిలో సెప్పేరు, ఉపాసం మద్దిలో ఇరిసీకూడదు అన్నాది."

నేను లేచి అరిచాను. రెండు రోజులే గడువు ఇచ్చిన వెబ్‌సైట్‌ని తిట్టాను. మనిషిని పంపకుండా ఫోన్లు చేస్తూ కూర్చున్న షాపతన్ని తిట్టాను. టవర్‌ని తిట్టాను. ఆఖరికి, ఇంత ముఖ్యమైన పని ముందు పెట్టుకుని ఫోన్ డబ్బాలో పెట్టుకుంటారా, బుద్ధి ఉండద్దా అని వాళ్ళిద్దర్నీ తిట్టాను. ఆయమ్మ తల వంచుకుని అంతా విని అంది:

"తప్పయిపోనాది సార్."

నేను సరేలే అన్నాను. ఈ రెండు మాటలూ రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. ఆమె నాకు క్షమాపణ చెప్పింది, నేను పుచ్చుకున్నాను.

వాళ్ళు అక్కడుండగానే రాయగడ షాపతనికి ఫోన్ చేసి గదమాయించాను.

"సార్, నా మీద ఎగిరితే ఏటి లాబం?" అన్నాడతను. "సోమారం పది నుంచి సేస్తన్నాను. పోను కట్టీసున్నాదనే ఒస్తంది. మంగలారం నాలుగూ ముప్పావుకి ఆకరుపాలి ఓటీపీ ఏసి పావుగంట సూసేను. అమ్మ ఆ నంబరు సదివి సెప్పుంటే అక్కడికక్కడ అయిపోను."

ఫోన్ పెట్టేశాక, బావమరిదికి నేను పంపిన ఫోటో ఏ టైముకి వెళ్ళిందో చూసుకున్నాను. నాలుగు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు.

మధ్యాహ్నం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఆయమ్మ మీకు తప్పయిపోనాదని సెప్పిందంట గదా."

"ఊఁ."

"మీరు సరేలే అన్నారంట."

నేను మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"సార్ కోపం తగ్గిందా సిస్టరమ్మా అని నన్నడిగింది. గుంట సీటు పోయిన మనిషి, మీ కోపం గురించి అడిగింది. నేనేటి సెప్పాల? మా ఇంటాయన డబ్బా కోసం నీ పోను మూయించేడని సెప్పీనా?"

"రేపు కోరాపుట్ ఎల్దాం అనుకుంటన్నాను, వాళ్ళని తీసుకుని."

"ఎల్లండి. అక్కడైనా టవరుని ఒగ్గీసి మాటాడండి" అంది.

గురువారం ముగ్గురం టికిరిలో రైలెక్కాం. పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. సొరంగాల్లోకి రైలు వెళ్ళినప్పుడల్లా అద్దంలో దాని మొహం కనిపించేది. నేను తల తిప్పుకునేవాణ్ణి. ఆయమ్మ చీర కొంగులోంచి మరమరాల పొట్లం తీసి ముందు నాకు పెట్టింది.

అడ్మిషన్ల గదిలో ఉన్న గుమాస్తా పెద్దవయసు మనిషి, నాలాంటివాడే. నేను ఒడియాలో మొదలుపెట్టాను. మా ఆవిడ అంత చెప్పినా, మొదటి పది నిమిషాలు టవరే. కొండల్లో ఉండేవాళ్ళకి రెండు రోజుల గడువు ఏం న్యాయం, ఫోన్లు పనిచెయ్యని చోట ఓటీపీ ఏం న్యాయం, ఈ పద్ధతి పెట్టినవాళ్ళు ఒక్కసారి మా ఊరు వచ్చి చూడాలి, ఇలా బల్ల చరిచి మరీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"ఆగ్యా, మీరు చెప్పేదంతా నిజమే" అని ఒడియా మర్యాదతో అన్నాడు. "నా ఇల్లు బోరిగుమ్మ అవతల పల్లెలో. మా అమ్మాయి పరీక్ష ఫారం నింపడానికి రెండు కిలోమీటర్లు నడిచి రోడ్డెక్కింది. ఏటేటా ఇక్కడికి వస్తారు. ఒకరి ఫోన్ ఏట్లో పడిపోతుంది, ఒకరిది మేక తొక్కేస్తుంది. నేను అందరి మాటా వింటాను. కాని అలాంటి టవర్ల కిందే ఉన్న మిగతా పిల్లలు నొక్కారు కదా. ఈ అమ్మాయి ఎందుకు నొక్కలేదు?"

నాకు చెప్పక తప్పలేదు. కంప్యూటర్‌లో కొత్త సిస్టమ్ ఎక్కించుకోవడానికి నెట్ చాలక, ఉపవాసమని చెప్పి చర్చిలో అందరిచేతా ఫోన్లు కట్టించానని చెప్పాను. ప్రార్థన కోసం కాదు, కంప్యూటర్ కోసమే అని చెప్పాను. పెన్ డ్రైవులో తెప్పించుకునే వీలున్నా తెప్పించుకోలేదని కూడా చెప్పాను. తప్పు నాది అన్నాను.

ఆయమ్మకి ఒడియా బాగా వచ్చు. కంప్యూటర్ కోసం ఫోన్లు కట్టించానన్న సంగతి ఆమె వినడం అదే మొదటిసారి. నా పక్కన కుర్చీలో ఆమె కదిలిన చప్పుడు వినిపించింది. నేను అటు చూడలేదు.

గుమాస్తా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఇది కొత్తది" అన్నాడు మెల్లగా. "రాసివ్వండి, ఫైల్లో పెడతాను. దానివల్ల సీటు వెనక్కి రాదు. అది అప్పుడే జాబితాలో కింది అమ్మాయికి వెళ్ళిపోయింది. మిగిలిన సీట్లకి శనివారం మళ్ళీ తెరుస్తారు, అప్పుడు పెట్టుకోండి. కోరాపుట్‌లో మిగులుతుందని మాత్రం నేను చెప్పను."

రాసిచ్చాను. మొదట రాసింది ఒక పేజీ నిండింది. చదువుకుంటే మొదటి పేరా మళ్ళీ టవరే. దాన్ని చింపి నాలుగు లైన్లు రాసిచ్చాను.

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఏదో ఒకటి చెయ్యాలన్న తొందరలో అన్నాను: "శనివారం నేనొస్తాను అమ్మీ. రాయగడలో షాపు దగ్గర నేనే పక్కనుండి నింపిస్తాను. ఏ కాలేజీ ముందు పెట్టాలో నేను సూస్తాను."

"ఒద్దు సార్" అంది పిల్ల.

"అది కాదు, నేను..."

"మీరు రాకండి. నేనే నింపుకుంటాను. పోను నా సేతిలో ఉంటాది."

ఆయమ్మ గద్దించింది. "అమ్మీ! సార్ తోటి అలగ మాటాడతావేటి?"

"ఎలగ మాటాడాల మరి, సెప్పు? నిన్న నువ్వు మాటాడినట్టా?"

టికిరి వెళ్ళే రైలొచ్చింది, ఎక్కాం. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు వెతకడానికి దారి పొడుగునా నేను ప్రయత్నించాను. సూపరింటెండెంటు బుద్ధి అంత సులువుగా పోదు. పెద్దవాణ్ణి, సంతకం పెట్టినవాణ్ణి, కోరాపుట్ దాకా వెంట వచ్చినవాణ్ణి, ఆ మాత్రం మర్యాద ఉండద్దా అని లోపల ఒక గొంతు గొణుగుతూనే ఉంది. ఎదురుగా కూర్చున్న పిల్లకి పద్దెనిమిదేళ్ళు. దాని బతుకులో వచ్చిన మొదటి మంచి కబురుని నేను బియ్యం డబ్బాలో పెట్టించి మూత వేయించాను. నా లోపల గొణిగే ఆ గొంతుని అప్పుడు నా చేతులతో నులిమెయ్యాలనిపించింది.

శనివారం ఆ పిల్ల తల్లితో రాయగడ వెళ్ళి తనే నింపుకుంది. కోరాపుట్‌లో మిగల్లేదు. సముద్రం వైపు జిల్లాలో, రైల్లో పగలంతా పట్టే దూరంలో ఒక కాలేజీ వచ్చింది. అక్కడ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. శనివారాలు ఇంటికి రావడమన్నది ఇక లేదు, ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. ఒప్పుకుంటున్నానని తనే నొక్కి, ఆ తర్వాత తల్లికి చెప్పిందట. వెళ్ళేరోజు ఎప్పుడో నాకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం పాటలప్పుడు ఆడపిల్లల వరసలో ఒక గొంతు తగ్గింది, దాంతో తెలిసింది.

ఆ మధ్యాహ్నం ఆయమ్మ క్వార్టర్‌కి వెళ్ళాను. అన్నేళ్ళలో ఆ గుమ్మం దాకా వెళ్ళడం అదే మొదటిసారి. ఆమె వసారాలో కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"ఎల్లిపోనాదా?" అన్నాను.

"ఎల్లిపోనాది సార్. దిగేనని పోను సేసింది. హాస్టల్లో అన్నం బాగోలేదంట." చేట కదిపింది. "దేవుడి సిత్తం సార్. ఎక్కడ రాసుంటే అక్కడికే ఎల్తాం."

ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. ఆమె తిట్టి ఉంటే నిలబడి వినేవాణ్ణి. చేట మొహాన కొట్టినా నిలబడేవాణ్ణి. నేను బల్ల ముందు టీ తాగుతూ చేసిన పనిని పట్టుకెళ్ళి దేవుడి నెత్తిన పెట్టడం చూస్తే నాకు మళ్ళీ కోపమొచ్చింది.

"దేవుడి సిత్తం కాదమ్మా. అది నేను సేసింది. నేను గుడిలో నిలబడి అబద్దం సెప్తే నువ్వు నమ్మినావు. దేవుడెక్కడున్నాడు దాంట్లో?" అని గట్టిగానే అన్నాను.

ఆయమ్మ ఒక రాయి ఏరి వసారా కిందికి విసిరింది.

"తెల్సు సార్. కోరాపుట్లో ఇన్నాను గదా, నాకు సెవుడేటి?" అంది. "రేపు పొద్దుట మల్లీ డ్యూటీకి రావాల. మీ ఆపీసులోనే సంతకం ఎట్టాల, మీకు వందనాలు సెప్పాల. దేవుడి మీద ఏసుకుంటే అది కుదురుతాది. మీ మీద ఏస్తే ఎలగ రాను?"

ఆమె కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కాసేపు నిలబడి, ఆమె చేటలో ఒక గుప్పెడు పప్పు శుభ్రమయ్యేదాకా చూసి వచ్చేశాను.